నూట నలభై ఐదో పేజీ

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను ఒక పుస్తకం రాశాను. నేపాల్‌లో మన దేశం తరఫున పనిచేసిన రాయబారుల చరిత్ర. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల నుంచి ఈ మధ్య దాకా ఎవరెవరు వెళ్ళారు, అక్కడ ఏం చేశారు, ఎందుకు వెనక్కి వచ్చారు అనే సంగతులు. ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ళ పిల్లలకి తెలుగు మీడియంలో ముప్పై మూడేళ్ళు చరిత్ర చెప్పినదాన్ని, పానిపట్టు యుద్ధాలు తప్ప ఈవిడకి ఇంకేమీ రాదని ఎవరూ అనుకోకూడదని నా పంతం. ఆ పుస్తకం మా హాల్లో అద్దాల బీరువాలోనే ఉంది. ఎవరైనా దాన్ని తీయబోతే మాత్రం టీ పెడతానంటూ వాళ్ళని వంటింటి వైపు మళ్ళిస్తాను. ఎందుకో ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేపాలే ఎందుకని చాలామంది అడిగారు. మేముండే సుభాష్‌పల్లి నుంచి సాలువా పెద్ద దూరమేమీ కాదు. అక్కడ పోలీసు క్యాంపు, దాని చుట్టూ ఎప్పుడో వచ్చి స్థిరపడిన గూర్ఖా కుటుంబాలు. వాళ్ళలో ఒకాయన మా ఆయనతో కలిసి వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేసి రిటైరయ్యాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను దాదా అంటాను, ఆయన నన్ను దీదీ అంటాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు, మా శ్రీకాకుళం వాళ్ళ కంటే బాగా. ఎవరితోనైనా నువ్వు అనే మాట్లాడతాడు, ఎందుకంటే వర్క్‌షాపులో ఆయనకి మీరు అనే మాట ఎవరూ నేర్పలేదు. చదవడం మాత్రం హిందీ, నేపాలీ తప్ప రాదు. తెలుగు అక్షరం చూస్తే జిలేబీలు అని నవ్వేవాడు.

నేను రాయబారుల గురించి రాస్తున్నానని మా ఆయన ఎక్కడో నోరు జారినట్టున్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే దాదా రేకు పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"దీదీ, మా నాయన ఖాట్మండులో మన రాయబారి బంగళాకి గేటు కాడ దర్వాను. ఇరవై ఎనిమిదేళ్ళు సేసినాడు. నువ్వు ఎవుల గురించి రాస్తన్నావో ఆళ్ళందరికీ గేటు తీసింది మా నాయనే," అన్నాడు.

పెట్టెలో తొమ్మిది కాగితాలున్నాయి. బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోయే ప్రతి రాయబారీ నౌకర్లకి ఒక చిట్టీ రాసిచ్చే ఆచారం ఉండేదట. మంచివాడు, నమ్మకస్తుడు, వేళ తప్పడు అని నాలుగు ఇంగ్లీషు ముక్కలు. కొత్త దొర వస్తే ఆ చిట్టీలన్నీ చూపించి కొలువు నిలబెట్టుకోవాలి. నేను ఒక్కొక్కటే చదివి తెలుగులో వినిపించాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. తొమ్మిదో కాగితం మడిచాక, "పేరు?" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి చూశాను. "ఈ మనిషి" అని ఒకరు. "మా దర్వాను" అని ఇంకొకరు. "గేటు దగ్గరి గూర్ఖా" అని ముగ్గురు. తొమ్మిదింటిలో ఒక్కదానిలో కూడా పేరు లేదు.

దాదా కాగితాలు మళ్ళీ పెట్టెలో సర్దాడు. తర్వాత చెప్పాడు. ఆయన చిన్నప్పుడే తల్లి పోతే మేనమామ సాలువా తెచ్చి పెంచాడు. తండ్రి ముసలితనంలో ఇక్కడికే వచ్చి, ఇక్కడే చనిపోయాడు. నేపాల్‌లో ఉన్న పెదనాన్న పిల్లలు మాత్రం ఆ ఇరవై ఎనిమిదేళ్ళ మాట ఒప్పుకోరు. రాయబారి గేటూ లేదు గాడిదగుడ్డూ లేదు, కలకత్తాలో ఏదో హోటల్లో గిన్నెలు తోముకుని, ముసలాడయ్యాక గొప్పలు చెప్పుకున్నాడని వాళ్ళ మాట. ఈ చిట్టీలు చూపిస్తే, ఇందులో మీ నాన్న పేరేదీ, ఎవరి కాగితాలు ఏరుకొచ్చాడో అన్నారట.

"అచ్చులో ఒక్కసారి ఆ పేరు పడితే సాలు దీదీ. ఇంకేటీ వద్దు. మా నాయన అబద్ధాలకోరు కాడని ఆళ్ళకి సూపించాలి," అన్నాడు.

"తప్పకుండా రాస్తాను దాదా. పేరుతో సహా రాస్తాను," అన్నాను. అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. అదొక్కటే నా తరఫున చెప్పుకోగలిగింది.

ఆ మీదట ఏడెనిమిది నెలలు దాదా నాకు తండ్రి దగ్గర విన్నవన్నీ చెప్పాడు. లైబ్రరీలో దొరికిన పుస్తకాల్లో రాయబారి ఫలానా రోజున రాజుగారికి నియామక పత్రాలు సమర్పించాడు, ఫలానా ఒప్పందం మీద సంతకం పెట్టాడు అని ఉంటుంది. మనిషి కనపడడు. గేటు దగ్గర నిలబడ్డవాడికి మనిషి కనపడతాడు. ఒక రాయబారి వచ్చిన మర్నాడే గేటు దాకా నడిచొచ్చి కొండల పేర్లన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. ఇంకొకాయనకి నేపాలీ నేర్చుకోవాలని ఆశ, రోజుకో మాట దర్వాను దగ్గర పాఠం చెప్పించుకునేవాడు. కారు మీద జెండా ఉంటే గేటు రెండు రెక్కలూ తీయాలి. జెండా లేకుండా దొర సొంత పని మీద వెళితే ఒక్క రెక్కే. తండ్రి రెక్కల లెక్క మనసులో పెట్టుకునేవాడట. దేశాల మధ్య మాట బాగున్న రోజుల్లో రెండు రెక్కలు ఎక్కువ, బాగా లేని రోజుల్లో ఒక రెక్క ఎక్కువ, మాట కలిపే పనంతా ఆ ఒంటి రెక్కలోంచే జరిగేదని అనేవాడట. నా పుస్తకంలో ఎవరైనా మెచ్చుకున్న సంగతి ఉందంటే అది ఇదే. నాది కాదు. ఆయనది.

పుస్తకం చివర ఒక పేజీ ఆ తండ్రికి ఇచ్చాను. పేరు, ఊరు, ఇరవై ఎనిమిదేళ్ళు, తొమ్మిది చిట్టీలు, రెండు రెక్కలు. ఇరవైసార్లు తిరగరాసి ఉంటాను. రాసినదంతటిలో నాకు నచ్చిన పేజీ అదొక్కటే.

విశాఖపట్నంలో ఒక చిన్న ప్రెస్సాయన అచ్చువేయడానికి ఒప్పుకున్నాడు. బెంగాల్‌లో ఉండే తెలుగావిడ రాయబారుల మీద పుస్తకం రాయడమేమిటని ఆయనకి వింతగా ఉండేది, ఆ వింత నాకు మంటగా ఉండేది. ముందుమాట కోసం విదేశాంగ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయనని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఒప్పించాను. ఆయన మూడు పేజీలు పంపించాడు. అందులో నా పుస్తకం గురించి ఆరు వాక్యాలు, మిగిలిందంతా తన గురించి. అయినా సరే, ఆయన సంతకం చూసుకుని మురిసిపోయాను. నేనూ నా మాట అని రెండు పేజీలు రాసుకున్నాను. మా నాన్న ఏ బోగీ పక్కన రివెట్లు కొట్టాడో, నేను ఏ దీపం కింద చదువుకున్నానో, అన్నీ దట్టించాను.

ఒక రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రెస్సాయన ఫోన్ చేశాడు. నేను పొయ్యి మీద చేపల పులుసు పెట్టి ఉంచాను.

"అమ్మా, చిన్న చిక్కొచ్చింది. పదహారు పేజీలకి ఒక ఫారం గదా. తొమ్మిది ఫారాలు సరిగ్గా నిండి, ఒక్క పేజీ బయటికొచ్చేసింది. నూట నలభై ఐదోది. దానొక్కదాని కోసం ఇంకో ఫారం దండగ. మీ మాట రెండు పేజీలుంది గదా, అది కొంచెం కుదించి ఒక పేజీలో సర్దేమంటారా?" అన్నాడు.

ఆయన దారి చూపించాడు. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను. నా మాటలో సగం తీసేస్తే సరిపోయేది. మా నాన్న రివెట్లు తీసేయొచ్చు, నా దీపం తీసేయొచ్చు. ఎవరికీ నష్టం లేదు.

పులుసు పొంగుతోంది. గరిటె తిప్పుతూనే, "నా మాట ముట్టుకోకండి. చివరి పేజీ తీసేయండి, ఫర్వాలేదు," అన్నాను.

"చివరిదా? గేటాయన పేజీయా?"

"అవునండీ. రాయబారుల చరిత్రలో అది కొంచెం విడిగానే ఉందిలెండి."

ఫోన్ పెట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. దాదా గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. సెకండ్ ప్రింటులో వేయిద్దాంలే అనుకున్నాను. మా ఖరగ్‌పూర్‌లో తెలుగు పుస్తకం మొదటి ప్రింటు కొనేవాళ్ళే లేరు, రెండో ప్రింటు ఎవరికోసమో నన్ను నేను అడగలేదు. ఆ రోజు పులుసు బాగా కుదిరిందని మా ఆయన రెండోసారి వేయించుకున్నాడు.

పుస్తకాల కట్ట పార్సిల్‌లో వచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని వరండాలో కూర్చుని వారం రోజులు చదివాడు. ఆయన అక్షరం అక్షరం చదివే మనిషి. ఎనిమిదో రోజు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచాడు.

"ఏటే, గేటు కాడ ఆయన ఏడీ? అన్నీ సదివినాను, ఆ పేరు కనపడనేదు."

విషయం చెప్పాను. ఫారం గురించి, పదహారు పేజీల గురించి, కాగితం ఖర్చు గురించి చాలా వివరంగా చెప్పాను. నా మాట కుదించమన్న సంగతి చెప్పలేదు.

"మరి ఆ ముసిలాయనికి ఏటి సెప్తావు?"

"ఉన్నదే చెప్తాను. ఇంకేం చెప్తాను?"

ఉన్నదే చెప్పాలని బయల్దేరాను. బ్యాటరీతో నడిచే టోటో ఆటోలో కూర్చుని సాలువా దాకా ఆ మాటలే కూడబలుక్కున్నాను. దాదా గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. ఉతికిన కమీజు వేసుకున్నాడు. వాళ్ళావిడ నా కోసం బియ్యప్పిండితో గుండ్రంగా చుట్టి వేయించే సెల్ రోటీలు చేసి పెట్టింది. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, రెండు చేతులతో పుస్తకం అందుకున్నాడు. అట్ట చూశాడు. వాసన చూశాడు. అప్పుడు నా వైపు తిప్పి, "ఎక్కడుంది దీదీ?" అన్నాడు.

ఆయన మొహంలోకి చూసి లేదు అని చెప్పడం నా వల్ల కాలేదు. పుస్తకం తీసుకున్నాను, ఏదో పేజీ తెరిచాను, ఒక వరుస మీద వేలు పెట్టాను.

"ఇదిగో," అన్నాను.

"ఏ అక్షరాలు? ఎక్కడ్నించి ఎక్కడికి?"

మూడు మాటల మీద వేలు జరిపాను. నియామక పత్రాలు సమర్పించారు. ఆ పేజీలో ఉన్నది అదే. ఎవరో ఒక రాయబారి రాజుగారి దగ్గరికి వెళ్ళిన రోజు సంగతి.

దాదా ఆ మూడు మాటల మీద తన వేలు పెట్టి అలాగే ఉంచాడు. పెదవులతో తండ్రి పేరు పలుకుతున్నాడు, అక్షరాలకి సరిపోతుందో లేదో చూస్తున్నట్టు. తర్వాత ఎర్ర పెన్సిలు తెచ్చి వాటి కింద గీత గీశాడు. ఆ పేజీ నుదుటికి ఆనించుకున్నాడు. వాళ్ళావిడని పిలిచి ఆవిడ చేత కూడా ముట్టించాడు. నేను సెల్ రోటీ తింటూ కూర్చున్నాను. రెండు తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలియదు, సిగ్గులేని తిండి.

ఆ తర్వాత నేను సాలువా వైపు వెళ్ళడం మానేశాను. గోల్‌బజారులో ఆయన సైకిలు లాంటిది కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. ఫోన్ మోగితే మా ఆయన చేత ఎత్తించేదాన్ని. నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఒక్కటే ఉండేది, దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఈ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారు. నేను పాఠాలు చెప్పిన స్కూల్లోనే తెలుగు సెక్షన్‌లో పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. మా ఇంట్లో పిల్లలే తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఇన్నేళ్ళూ దాని గురించి సభల్లో బాధపడుతూ మాట్లాడినదాన్ని, అదే నన్ను కాపాడుతుందని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను.

నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం దాదా ఫోన్ నేనే ఎత్తవలసి వచ్చింది. మా ఆయన స్నానానికి వెళ్ళాడు.

"దీదీ, వచ్చే గురువారం మా నాయన తద్దినం. పెదనాయన పిల్లలు నేపాల్ నుంచి వస్తన్నారు. నువ్వు రావాల. ఆ పేజీ నీ నోటితో సదవాల. నువ్వు తెలుగులో సదువు, నాను ఆళ్ళకి మా బాసలో సెప్తాను," అన్నాడు.

ఒంట్లో బాగాలేదని చెబుదామనుకున్నాను. "అలాగే దాదా" అన్నాను.

అప్పుడు మా ఆయనకి అంతా చెప్పాను. ఎర్ర పెన్సిలు గీత కూడా, పులుసు గరిటె తిప్పుతూ అన్న మాట కూడా. ఆయన తల తుడుచుకుంటున్న తువ్వాలు భుజం మీద వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"అలాగ సేసినావా?" అన్నాడు. లేచి తువ్వాలు తీగ మీద ఆరేస్తూ, "గురువారం దాకా టైముంది. రేపే ఎల్లి సెప్పేయ్," అన్నాడు.

మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. గురువారం ఇద్దరం కలిసి వెళ్ళాం.

పూజ అయిపోయింది. గదిలో చాపల మీద పది పన్నెండు మంది కూర్చున్నారు. పెదనాన్న కొడుకులు ఇద్దరూ గోడకి ఆనుకుని ఉన్నారు. ఇద్దరూ ముసలివాళ్ళే, మంచి కోట్లు వేసుకున్నారు. దాదా నాకు కుర్చీ వేసి, పుస్తకం ఎర్ర గీత ఉన్న చోట తెరిచి నా చేతిలో పెట్టాడు.

పేజీ వైపు చూశాను. నియామక పత్రాలు. రాజప్రాసాదం. గుర్రపు బగ్గీ. ఒక్క క్షణం అదే చదివేద్దామనిపించింది, ఎవరికి తెలుస్తుంది గనక. తల ఎత్తితే మా ఆయన గుమ్మం దగ్గర నా వైపే చూస్తున్నాడు.

పేజీ మీద కళ్ళు పెట్టి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. "ఖాట్మండులో మన రాయబారి నివాసం గేటు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే మనిషి నిలబడ్డాడు. ఆయన పేరు," అని పేరు చదివాను. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, ఊరితో సహా. ఇరవైసార్లు రాసిన పేజీ, ఒక్క మాట పోలేదు. "రాయబారులు మారారు. ఎవరు వచ్చినా ఆ ఇంటి గేటు మొదట తీసింది ఆయనే, వెళ్ళేటప్పుడు చివర వేసింది కూడా ఆయనే. తొమ్మిది మంది ఆయన మంచివాడని రాసి ఇచ్చారు. ఒక్కరూ పేరు రాయలేదు. ఈ పుస్తకం ఆ పేరు రాస్తోంది." ఆ చివరి మాట చదివి పుస్తకంలోకి తల వంచేశాను. గదిలో వాళ్ళు అది భక్తి అనుకున్నారు.

దాదా ఒక్కొక్క వాక్యాన్నీ నేపాలీలో చెబుతూ వచ్చాడు. రెక్కల సంగతి దగ్గర కోటు వేసుకున్న పెద్దాయన ముందుకి వంగి ఏదో అడిగాడు. దాదా జవాబిచ్చాడు. నేను ముగించాక ఆ పెద్దాయన లేచి, దాదా తండ్రి ఫోటో దగ్గరికి వెళ్ళి, చెప్పులు లేని కాళ్ళతో చాలాసేపు నిలబడి దణ్ణం పెట్టాడు. రెండో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాలయ్యాక దాదా మమ్మల్ని రోడ్డు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. మా ఆయన టోటో కోసం ముందుకి నడిచాడు. ఇప్పుడైనా చెప్పాలని నేను ఆగాను.

"దాదా, నీకో మాట చెప్పాలి."

"తెలుసు దీదీ," అన్నాడు. "నువ్వు పుస్తకం ఇచ్చిన మూడో రోజే తెలుసు. మా షాపులో పనిసేసిన తెలుగు ఫిట్టర్ ఇంటికి తీసుకెల్లినాను, ఆయన సదివి సెప్పినాడు. అట్ట నుంచి అట్ట దాకా ఎతికినాడు పాపం. ఎక్కడా నేదు."

"మరి ఎందుకు పిలిచావు?"

"నువ్వు రాసినావని తెలుసు. ఎనిమిది నెలలు నా కాడ కూకొని రాసుకున్నావు గదా, రాయకుండా ఉండవు. ఎందుకో తీసేసినావు. నువ్వు తీసేసినా నీకు గుర్తుంటాదనుకున్నాను. ఆళ్ళు వినాల గదా."

ఆ నాలుగు నెలలూ నేను సందుల్లోకి తప్పుకుంటూ ఉంటే, ఆయన అన్నీ తెలిసి నాకు గురువారం దాకా గడువిచ్చాడు. రోడ్డు మీదే ఏడుపొచ్చింది. చేతులు పట్టుకున్నాను. తప్పయిపోయింది దాదా అన్నాను. నా మాట కుదించమన్న సంగతి కూడా చెప్పేశాను. ఆయన తల ఊపాడు, కోపం లేదు మొహంలో. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది.

"రెండో ప్రింటు వేయిస్తాను దాదా. నా సొంతంగా వేయిస్తాను. మొదటి పేజీలోనే మీ నాన్న పేరు వేస్తాను," అన్నాను.

ఆయన నా చేతుల్లోంచి తన చేతులు మెల్లిగా తీసుకున్నాడు.

"వద్దు దీదీ. ఆళ్ళు విన్నారు, సాలు. మా నాయన పేరు ఇంక నువ్వు ఎక్కడా రాయొద్దు."

మా ఆయన టోటో ఆపి పిలుస్తున్నాడు. వెళ్ళి ఎక్కాను. ఆ మాట ప్రకారం ఆ పేరు ఇక్కడ కూడా రాయలేదు. అది నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తుంది, ఇంటిపేరుతో సహా.